కొత్త ప్రాణి మెడలో గంట

పోయిన వారం మనం కొమురమ్మను గౌలిపుర గల్లీలో కుక్కల బండికి అడ్డంగా నిలబెట్టి వచ్చేశాం. వారమంతా ఆవిడ అక్కడే నిలబడి ఉండలేదు లెండి. పాలమ్ముకునే ఇంటి కోడలికి అంత తీరిక ఎక్కడిది?

ఈ కథను ఇవాళే చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మొన్నటి వానల్లో ఒక పొద్దున కొమురమ్మ పాల క్యాను నెత్తిన పెట్టుకుని శాలిబండ వైపు పోతూ కాలు జారి మోరీలో పడింది. కాలు బెణికింది, లేవలేకపోయింది. మోరీలో నీళ్ళు పెరుగుతున్నాయి, గల్లీలో నరమానవుడు లేడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక ఎర్ర కుక్క దూరాన నిలబడి మొరిగింది. గొంతు బొంగురు పోయేదాకా మొరిగి, చాయ్ హోటల్లో పడుకున్నవాళ్ళను లేపింది. వాళ్ళొచ్చి కొమురమ్మను పైకి లాగేసరికి కుక్క లేదు.

ఆ తరువాత రోజూ ఆమె ఆ మలుపులో ఒక రొట్టె ముక్క వేసేది. కుక్క వచ్చేది కాదు. ఆమె మలుపు తిరిగిపోయాక వచ్చి తినేది. మనిషంటే దానికి అంత బెదురు. దాన్నే మొన్న కుక్కల బండివాళ్ళు మెడకు ఉచ్చు వేసి ఎత్తుకుపోతుంటే కొమురమ్మ బండి ముందుకు పోయి నిలబడింది. బండితో వచ్చే ఇశ్రాయేలుకు కుక్కల్ని పట్టడమే కొలువు. అయినా ఆయన ఏమనుకున్నాడో, చుట్టూ ఒకసారి చూసి, జాలీ తలుపు తీశాడు. "తీసుకపో చెల్లె. ఇంట్లనే పెట్టుకోవాలె మరి. మల్ల గల్లీల కనబడిందంటె నా చేతిల ఉండది," అన్నాడు.

అట్లా వచ్చింది కుక్క. అసలు తంటా అప్పటి నుంచే మొదలైంది.

కొమురమ్మ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త బర్రె వచ్చినా, కొత్త దుడ్డె పుట్టినా నుదుట పసుపు కుంకుమ పెట్టి, మెడకు కొత్త పగ్గం చుట్టి, దానికి ఇత్తడి గంట కడతారు. ఇక నువ్వు ఈ ఇంటిదానివి అని చెప్పడం అది. గంట కట్టించుకున్న బర్రె మెడ తిప్పుకుంటూ కొట్టంలో కులుకుతుంది కూడాను. నన్ను మోరీలోంచి లేపిన ప్రాణికి ఆ మాత్రం మర్యాద చెయ్యొద్దా అని కొమురమ్మ పాత సామాను వెతికి, చిన్న గంటను చింతపండుతో తోమి తళతళలాడించి, మొగుడు సాయిలు చేత పగ్గం ముడి వేయించింది. పసుపు బొట్టు పెట్టింది. దండం కూడా పెట్టుకుంది.

కుక్క ఆ దండం అందుకోలేదు. కొట్టం మూల రాతి తొట్టి కింద దూరింది. ఇక రాలేదు.

తొట్టి కింద చీకట్లో కనిపించేదల్లా ఒక్క ముందు కాలు. ఒళ్ళంతా ఎరుపు, ఆ కాలు మాత్రం పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంటుంది. కొమురమ్మ పొద్దున లేవగానే వంగి ఆ తెల్ల కాలును చూసి, ఉంది అనుకుని, పనిలో పడేది. దాల్డా డబ్బాలో నీళ్ళు పెట్టేది, రొట్టె పెట్టేది. ఎవరూ లేనప్పుడు ఎప్పుడు తినేదో తినేది. కొమురమ్మ కోరిక పెద్దదేమీ కాదు. ఒక్కసారి తోక ఊపితే చాలనుకుంది. ఆ తోకేమో కడుపు కిందికి పోయి అక్కడే స్థిరపడింది.

"ఊపిందా?" అని సాయిలు రోజూ సైకిల్ స్టాండు వేస్తూ అడిగేవాడు.

"లే."

"ఫికర్ చెయ్యకే. పెండ్లయిన కొత్తల నువ్వు గూడ గిట్లనే మూలకు కూసున్నవ్. దినాలు పట్టింది."

"నాకేమన్న గంట కట్టినవా నువ్వు," అని ఆమె నవ్వేది. ఆ మాట అన్నది ఆమే. దాని అర్థం ఆమెకు తట్టలేదు అప్పటికి. మనకూ తట్టలేదు కదా, ఆమెను ఏమంటాం?

ఇవాళ మధ్యాహ్నం పాలు పిండే వేళకు సంగతి ముదిరింది.

ఆ కొట్టానికి పెద్ద దిక్కు సాయిలు అన్న బాలనర్సింహ. చేతులు మోటు గానీ పొదుగు మీద పడితే వెన్నలాగా ఉంటాయని గౌలిపురలో పేరు. కొత్తగా ఈనిన లచ్చి అనే బర్రె ఆయనకు ప్రాణం. ఆ లచ్చే, కుక్క వచ్చినప్పటి నుంచి పాలు చేపడం లేదు. అంటే పొదుగు నిండా పాలున్నా కిందికి దింపదు, పట్టి పెట్టుకుంటుంది. దుడ్డెను వదిలినా అంతే. కాళ్ళు మార్చుకుంటూ, చెవులు నిక్కబొడుచుకుని, ఎటో చూస్తుంది. అట్లా రోజులు గడిస్తే పొదుగు గడ్డ కడుతుంది. పాడి ఇంట్లో అంతకంటే అపశకునం లేదు.

బాలనర్సింహ పొదుగు కడిగి, గొంతుక్కూర్చుని, చాలాసేపు చూశాడు. ఆ పైన లచ్చి మొహం వైపు తిరిగి మాట్లాడాడు.

ఇక్కడ ఇంకో ఆనవాయితీ చెప్పాలి. ఆ ఇంట్లో తమ్ముడి పెండ్లాం బావతో ఎదురుగా మాట్లాడదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని పక్కకు తిరిగి నిలబడుతుంది. బావ కూడా ఆమెను పేరు పెట్టి పిలవడు. కొమురమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి వాళ్ళిద్దరి మధ్య ఒక్క నేరు మాట లేదు. సాయిలు ఉంటే సాయిలు మధ్యవర్తి. సాయిలు లేకపోతే ఆ ఉద్యోగం లచ్చిది. లచ్చి కంటే ముందు లచ్చి తల్లి చేసింది.

"లచ్చీ," అన్నాడు బాలనర్సింహ. "ఈ ఇంట్ల కొందరికి బర్లకంటె కుక్కలెక్కువైనయ్."

కొమురమ్మ పేడ తట్ట కింద పెట్టి కొంగు సర్దుకుంది. "లచ్చీ, ఆ కుక్క లేకుంటె కొందరు ఆనాడు మోరీల పీనుగై తేలేటోళ్ళు. గదిగూడ జర యాదుంచుకో."

"నేను కాదంటలేనే లచ్చీ. రొట్టె పెట్టుమను. దండం పెట్టుకోమను. వద్దన్ననా? నీ కొట్టంలనే ఎందుకు?"

"బయట ఉంటె బండోళ్ళు మల్ల ఏసుకపోతరు లచ్చీ. ఇశ్రాయేలన్న గంత చెప్పిండు గద."

"నీ పొదుగు గడ్డ కడితె ఎవలు చూస్తరే లచ్చీ?"

లచ్చి పాపం మెడ అటు తిప్పి, ఇటు తిప్పి, నెమరు ఆపేసింది.

అప్పుడే సాయిలు ఖాళీ క్యాన్లతో వచ్చాడు. "అన్నా, హోటల్ సేటు 'దూద్ కిధర్ హై భాయ్' అని పొద్దటిసంది ఒకటే లొల్లి. చాయ్‌కి పాలు లేవట. ఏం చెప్పాలె?"

బాలనర్సింహ లేచాడు. ఆయన కోపిష్టి కాదు. కోపం లేని మనిషి ఒక నిర్ణయానికి వస్తే దాన్ని తిప్పడం కష్టం. "సాయిలూ, విను. ఇయ్యాల లచ్చి చేపకుంటె నేనే ఆ కుక్కను పగ్గం పట్టి గుంజి గల్లీల ఇడిసొస్త. కుక్క మీద నాకేం పగ లేదు. బర్రె పాడైతె నేను ఊకోను."

అంటూ తొట్టి వైపు రెండడుగులు వేశాడు. చేతిలో బర్రెల్ని అదిలించే చిన్న కట్టె ఉంది. కొట్టాలని కాదు, అలవాటు కొద్దీ ఉంది.

తొట్టి కింద తెల్ల కాలు వెనక్కి పోయింది. గంట గణగణ మోగింది.

లచ్చి అదిరిపడింది. వెనక కాలు ఝాడించింది. పాల బకెట్టు దొర్లుకుంటూ పోయి గోడకు తగిలింది. ఆ చప్పుడుకు తొట్టి కింద కుక్క మళ్ళీ వణికింది, వణికినందుకు గంట మళ్ళీ మోగింది, గంట మోగినందుకు కుక్క ఇంకా వణికింది. లచ్చి పలుపు తెంపుకునేటట్టు గుంజుతోంది.

కొమురమ్మ ఆ గంట చప్పుడు విన్నది. ఇన్నాళ్ళూ విన్నదే. ఇవాళ మాత్రం ఆ చప్పుడు వెంట తెల్ల కాలును కూడా చూసింది. కాలు కదిలితే గంట. గంట మోగితే కాలు గడ్డకట్టుకుపోతుంది. అంటే కుక్కకు భయం మనుషులది ఒక్కటే కాదు. తన మెడ చప్పుడుకు తానే బెదురుతోంది. బర్రెకు గంట అంటే ముచ్చట. మెడకు ఉచ్చు పడిన కుక్కకు పగ్గం అంటే ఏమిటి? ఉచ్చులోంచి తీసుకొచ్చి, పసుపు బొట్టు పెట్టి, మళ్ళీ ఉచ్చే వేసింది తను. పైగా ఎక్కడ దాక్కున్నా పట్టిచ్చేటట్టు దానికో గంట.

బాలనర్సింహ కట్టెతో వంగబోతున్నాడు.

"బావా, కదలకుండ్రి."

సాయిలు నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. బాలనర్సింహ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆమె కొంగు నెత్తి మీద నుంచి జారిపోయింది, దాన్ని సర్దుకోలేదు. లచ్చితో అనలేదు, సాయిలుతో అనలేదు. కాపురానికొచ్చినాక మొదటిసారి బావ మొహంలోకి చూసి బావతోనే అంది.

"అది కుక్క తప్పు గాదు. నా తప్పు. గా కట్టె కింద పెట్టుండ్రి. జరసేపు ఎవలు కదలొద్దు."

బాలనర్సింహ కట్టె కింద పెట్టాడు. ఎందుకు పెట్టాడని అడిగితే ఆయనా చెప్పలేడు.

తొలిసారి ఈనిన పడుచు బర్రెను పడ్డ అంటారు, అది పాలు ఇవ్వకపోతే పాలవాళ్ళు ఏం చేస్తారు? కొట్టరు, కట్టెయ్యరు. దాని కళ్ళలోకి చూడకుండా పక్కన కూర్చుని, నోట్లోనే ఒక రాగం తీస్తూ ఉంటారు. దానికి అర్థం ఉండదు, 'హో... హో...' అని దీర్ఘం ఒకటే. ఆ పడ్డ తనంతట తాను నెమ్మదించి కాలు సడలించేదాకా అట్లాగే ఉంటారు. కొమురమ్మకు తెలిసిన విద్య అదొక్కటే. తొట్టికి వీపు పెట్టి, పేడ నేల మీదే చతికిలబడింది. దాల్డా డబ్బా పక్కన పెట్టుకుంది. కళ్ళు గోడ మీద పెట్టి, గొంతులో రాగం మొదలుపెట్టింది.

లచ్చి ముందు సర్దుకుంది. చెవులు దించింది. బయట గల్లీలో ఎవరి ట్రాన్సిస్టరో పాడుతోంది. సాయిలుకు ముక్కు మీద ఈగ వాలింది, కొట్టుకోలేదు.

గంట ఒకసారి టింగుమంది. ఆగింది. కొమురమ్మ రాగం ఆపలేదు. మళ్ళీ టింగుమంది, ఈసారి దగ్గరగా. దాల్డా డబ్బాలో నీళ్ళు తాగుతున్న చప్పుడు ఆమె మోచేతి పక్కనే వినిపించింది. ఆమెకు ఏడుపొచ్చింది గానీ మింగుకుంది.

పగ్గం కొస నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి ఆమె అరచేతికి తగిలింది. సాయిలు వేసింది పాలవాళ్ళ ముడి. కొట్టంలో నిప్పు పడితే బర్రెల్ని చిటికెలో విడిపించేందుకు, ఆ కొస ఒక్కటి గుంజితే ఊడిపోయేటట్టు వేస్తారు. గుంజితే చాలు.

కానీ గుంజడం ఎట్లా? ఎవరు గుంజినా దానికి ఉచ్చే. ఆమె అరచెయ్యి ఆ కొస మీద ఆనించి, అట్లాగే నేలకు అదిమి పెట్టింది. అంతే. గుంజలేదు.

కుక్క నీళ్ళు తాగి వెనక్కి తిరగబోయింది. పగ్గం బిగుసుకుంది. కుక్క ఆగిపోయింది. దాని ఊపిరి ఆమె చెంపకు తగులుతోంది. ఎవరో పట్టుకున్నారని దానికి తెలిసిపోయింది. ఇక కరుస్తుందని సాయిలు అనుకున్నాడు, ఆ సంగతి తరువాత చెప్పాడు. కొమురమ్మ చెయ్యి కదల్లేదు, రాగం ఆగలేదు. కుక్క ఎదురుచూసింది. గుంజుడు రాలేదు. అప్పుడది తానే ఒక అడుగు వెనక్కి వేసింది. ముడి ఊడిపోయింది. గంట గడ్డి మీద పడింది.

కుక్క ఆ గంట వైపు చూసింది. తల నుంచి తోక దాకా ఒళ్ళంతా ఒకసారి గట్టిగా విదిలించుకుంది. ఏ చప్పుడూ రాలేదు. మళ్ళీ విదిలించుకుంది, నిజమేనా అని చూసుకుంటున్నట్టు.

ఇప్పుడు అది పారిపోవచ్చు. కొట్టం తలుపు తీసే ఉంది, మెడలో ఏమీ లేదు. కుక్క తలుపు వైపు చూసింది, తొట్టి వైపు చూసింది. నెమ్మదిగా వచ్చి, మోరీలో బెణికిన ఆ కాలును వాసన చూసి, దాని మీద గదవ ఆనించి పడుకుంది.

కొమురమ్మ ఇక ఆపుకోలేదు. "నువ్వు నాకు బతుకిచ్చినవ్ బిడ్డా," అంది, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "నేను నీకు మల్ల ఉరి కట్టిన. తెల్వక కట్టిన. నా మీద నమ్మకం పెట్టినవ్, గంతే చాలు నాకు. నీ రుణం నేను తీర్చుకోలేను."

ఆమె వేలు దాని చెవి వెనక తగిలింది. కుక్క ఒకసారి ముడుచుకుని, మళ్ళీ సడలింది. తోక కడుపు కింది నుంచి బయటికి వచ్చింది. ఊగలేదు, నేల మీద పడి ఉంది. అదే గొప్ప అనుకుంది కొమురమ్మ.

వెనక నుంచి సర్రుమని చప్పుడు. బాలనర్సింహ ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో, లచ్చి పొదుగు కింద బకెట్టు పెట్టుకుని పిండుతున్నాడు. లచ్చి చేపింది. బకెట్టులో నురుగు పైకి లేస్తోంది. ఆయన తల బర్రె డొక్కకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"లచ్చీ," అన్నాడు. "ఆమెకు చెప్పు. కుక్క ఉంటది. ఈడనే ఉంటది. ఎవలూ పంపరు."

కొమురమ్మ అప్పుడు కొంగు సర్దుకుంది. "లచ్చీ, మీ పెద్దాయనకు చెప్పు. ఆయన సల్లగుండాలె."

"ఇంకొకటి గూడ చెప్పు లచ్చీ. నన్ను బావా అని పిలిస్తె కొట్టం కప్పేమి కూలలేదు అని చెప్పు."

సాయిలు పగలబడి నవ్వాడు. కుక్క చెవి ఒకటి లేచింది గానీ గదవ లేవలేదు. సాయిలు నవ్వును చేత్తో నోట్లోనే నొక్కేసి, క్యాన్లు నింపుకుని, సైకిల్ తోసుకుంటూ పిల్లిలా బయటికి పోయాడు. గడప దాటాడో లేదో వాడి గొంతు వినిపించింది. "ఓ కొమురా, ఎవలొచ్చిన్రో చూడు. ఇశ్రాయేలన్న."

కొమురమ్మ మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన ఇంటికి పోయి దండం పెట్టి రావాలనుకుంటూనే ఉంది. కాలు మీది నుంచి కుక్క గదవను మెల్లగా గడ్డి మీదికి జరిపి, నురుగు పాలు లోటా నిండా వంపుకుని వాకిట్లోకి నడిచింది. పాలవాళ్ళ ఇంటికి వచ్చిన మనిషికి ముందు పాలు చేతిలో పెట్టాకే మాటలు.

"అన్నా, తాగు. అది బయటికొచ్చింది. నా కాలు మీద పండుకుంది. నువ్వు ఆనాడు తలుపు తియ్యకపోతె అది యాడుండేదో, నేను ఏమైపోయేదాన్నో. నీకేమియ్యాలె చెప్పు. ఈ ఇంట్ల ఏది అడిగినా కాదనను. లచ్చి మీద ఒట్టు."

ఇశ్రాయేలు లోటా అందుకోలేదు. ఆయన చెప్పు మొనతో నేల మీద ఏదో గీస్తున్నాడు. "గట్ల ఒట్టు పెట్టుకోకు చెల్లె."

"పెట్టుకుంట. ఎందుకు పెట్టుకోను?"

"నేను అడగనీకె వచ్చిన గనుక."

అప్పుడు చూసింది కొమురమ్మ, ఆయన వెనక ఇంకో మనిషి ఉందని. ముసలావిడ. తెల్లచీర, చేతిలో ఊతకర్ర.

"కార్వాన్ నుంచొచ్చింది. నాగమణమ్మ," అన్నాడు ఇశ్రాయేలు, తలెత్తకుండానే. "బండి కాడికి ఎన్నిమార్లు వచ్చి అడిగిందో. ఎర్రగుంటది కొడకా, ముందు కాలొక్కటి తెల్లగుంటది, కనబడిందా అని. ఆనాడు నీకిచ్చేటప్పుడు నాకు యాదికి రాలే. నిన్న మల్లొచ్చి నిలబడితె యాదికొచ్చింది. ఏం జెయ్యాల్నో చెప్పు చెల్లె. ఆమెకు ఎవలూ లేరు."

'కాదు, మా కుక్కకు ముందు కాళ్ళు రెండూ ఎరుపే' అని అబద్ధమాడితే అయిపోతుంది కదా అన్న ఆలోచన కొమురమ్మకు వచ్చింది. రాకుండా ఎందుకుంటుంది? ఆమె కూడా మనిషే.

నాగమణమ్మ ఏమీ అడగలేదు. పిలవలేదు, పేరు పెట్టలేదు. పరాయి గడప అని చెప్పులు విప్పి, కర్ర గోడకు ఆనించి, కొట్టం వైపు చూస్తూ నిలబడింది.

గడ్డి మీద కుక్క తలెత్తింది. ముక్కు ఎగరేసి గాలి పీల్చింది. లేచి నిలబడింది.

కొమురమ్మ ఇన్నాళ్ళూ చూడాలనుకున్నది అప్పుడు చూసింది. తోక ఊగింది. మొదట కొద్దిగా, తరువాత నడుము కూడా దాని వెంట ఊగేటట్టు. తనను దాటి, తన చేతిలోని పాల లోటాను దాటి, గడపలో నిలబడ్డ ఆ తెల్లచీర వైపు.